పిడికెడు పల్లీల పరిచయం

చెల్లెళ్ళూ, ఈసారి మన ముచ్చట కాకుల గురించి. నవ్వకండి మరి! చిలక గురించో నెమలి గురించో ఎత్తుకుంటే "అబ్బ, ఎంత బావుందో అక్కయ్యా" అంటారు. కాకి అనగానే మూతి ముడుస్తారు. రంగు నచ్చదు, గొంతు నచ్చదు, పైగా శనిదేవుడి వాహనమని భయం. మేడ మీద ఆరబెట్టిన వడియాలు ఎత్తుకుపోతుందని కోపం. ఇన్ని నేరాలు మోపినా, పెద్దవాళ్ళ తద్దినం నాడు మాత్రం విస్తరాకులో అన్నం పట్టుకుని మేడెక్కి "కావ్ కావ్" అంటూ దాన్నే బతిమాలుకుంటాం. అది రాకపోతే మన ప్రాణం విలవిల్లాడిపోతుంది.

'బలగం' సినిమా చూసినవాళ్ళకి ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు. 2023లో వేణు యెల్దండి తీసిన ఆ సినిమా కథంతా కాకి చుట్టూనే తిరుగుతుంది. ఇంటి పెద్దాయన పోతాడు, ఆయనకిష్టమైనవన్నీ వండిపెట్టినా పిట్ట ముట్టదు. ఇంటిల్లిపాదీ ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. తెలంగాణ పల్లెల్లో "పిట్ట ముట్టిందా?" అన్నది ఎంత బరువైన ప్రశ్నో ఆ సినిమా చూశాక పట్నం పిల్లలకి కూడా తెలిసొచ్చింది. అందరితోపాటు నేనూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను గానీ, మధ్యలో ఓ పిచ్చి ఆలోచన వచ్చింది. ఏడాది పొడుగునా రాయి చూపించి, ఒక్కరోజు విస్తరి చూపిస్తే ఆ కాకి మాత్రం మనల్ని ఎందుకు నమ్మాలి? ముందునుంచీ కాస్త పరిచయం ఉండాలా, వద్దా?

కాకికి తిండి పెట్టడమంటే చావు తాలూకు పని అని మనం స్థిరపరచుకున్నాం. మన పక్కవాళ్ళు అలా అనుకోలేదు. తమిళ ఆడపడుచులు పొంగల్ మర్నాడు 'కనుపిడి' చేస్తారు. పసుపు ఆకుల మీద రంగురంగుల అన్నం ముద్దలు పేర్చి, అన్నదమ్ములు చల్లగా ఉండాలని కోరుకుంటూ కాకుల్ని పిలిచి పెడతారు. ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో సంక్రాంతికి 'ఘుఘుతియా' అని పిల్లల పండగ. నూనెలో వేయించిన పిండివంటల్ని దండగుచ్చి మెళ్ళో వేసుకుని, గొంతు చించుకుని కాకుల్ని పిలుస్తారు. నేపాల్లో తిహార్ అని దీపావళిని ఐదు రోజులు చేసుకుంటారు కదా, అందులో మొదటి రోజు కాకిదే. ఆ రోజుకి 'కాగ్ తిహార్' అనే పేరు. మనకి అలాంటి పండగ లేకపోతే పోయింది, రోజూ పొద్దున పార్కుకి వెళ్ళే అలవాటు ఉందిగా!

మా కాలనీ పార్కులో నడిచే ఆడవాళ్ళం కొందరం ఈమధ్య ఆ పరిచయం పెంచుకునే పనిలో పడ్డాం. మేం వచ్చే వేళకి నిద్రగన్నేరు కొమ్మల మీద కాకులు హాజరు వేయించుకోవడానికి సిద్ధంగా ఉంటున్నాయి. మెడ చుట్టూ బూడిదరంగు శాలువా కప్పుకున్నట్టు ఉండేది మామూలు కాకి. ఊళ్ళల్లో, వీధుల్లో ఎక్కువగా కనిపించేది అదే. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, లావుపాటి ముక్కు, బొంగురు గొంతు ఉంటే అది బొంతకాకి. అన్నీ ఒకేలా ఉన్నాయనిపిస్తుంది గానీ, కొన్నాళ్ళు తేరిపార చూస్తే తేడాలు పట్టేయొచ్చు. రెక్కలో ఒక ఈక ఊడి సందు కనిపించేదానికి మాతో నడిచే పెద్దావిడ 'పన్నూడిన పాపమ్మ' అని పేరు పెట్టింది. పాపమ్మకి దూకుడెక్కువ. అందరికంటే ముందు దిగేదీ అదే, అందరికంటే ముందు అనుమానపడేదీ అదే.

ఎలా మొదలుపెట్టాలంటారా? అన్నిటికంటే ముందు, వంగకండి. మన ఊళ్ళ కాకికి మనిషి వంగాడంటే రాయి తీస్తున్నాడనే అర్థం. అది మనం నేర్పిన పాఠమే. నిలబడే గట్టు మీదో, సిమెంటు బల్ల చివరో నాలుగు గింజలు పెట్టి పదడుగులు అవతలికి నడవండి. అక్కడినుంచి కళ్ళప్పగించి చూడకండి. ఎవరైనా గుడ్లురిమి చూస్తుంటే మనకి ముద్ద దిగుతుందా? పక్కకి తిరిగి మీ కబుర్లలో మీరుండండి. రోజూ అదే వేళ, అదే చోటు, పిలిచే పిలుపు కూడా ఒకటే. నాలుకతో టక్కుమనిపించినా సరే, "రావే" అన్నా సరే, మార్చకండి. మొదట్లో మీరు పార్కు దాటాకగానీ దిగవు. తర్వాత మీరు బల్ల దాటాక దిగుతాయి. ఆ తర్వాత మీరు గేటులో అడుగుపెట్టగానే కొమ్మలు మారుతూ మీతోపాటు వస్తాయి. దీనికి ఎన్నాళ్ళు పడుతుందని మాత్రం అడక్కండి. అది కాకి చేతిలో పని.

ఇంకో మాట, చేతిలోంచి తినిపించాలనే సరదా వద్దు. భుజం మీద వాలాలని అసలే అనుకోవద్దు. మీరు మంచివాళ్ళే. కానీ మనుషులంటే భయం పోయిన కాకి రేపు రాయి పట్టుకున్నవాడి దగ్గరికి కూడా అలాగే వెళ్తుంది. దానికి మీ మీద నమ్మకం ఉండాలి, లోకం మీద అనుమానమూ ఉండాలి. ఆడపిల్లల్ని పెంచిన మనకి ఈ లెక్క ఒకరు చెప్పాలా!

అది మనిషిని నిజంగా గుర్తుపడుతుందా అని మీకు సందేహం రావచ్చు. అమెరికాలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయనా ఆయన బృందమూ 2006లో గుహమానవుడి మాస్కు తగిలించుకుని ఏడు కాకుల్ని పట్టుకున్నారు. వాటి కాళ్ళకి గుర్తులు కట్టి వదిలేశారు. ఆ తర్వాత అదే మాస్కు పెట్టుకుని ఎవరు ఆ ఆవరణలో తిరిగినా కాకులు మీదమీదికొచ్చి గోల చేసేవి. వేరే మాస్కుతో వెళ్తే పట్టించుకునేవి కావు. విశేషమేమంటే, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గోల చేసే కాకులు పెరిగాయి. పట్టుబడనివి, అప్పటికి పుట్టనివి కూడా పెద్దవాటిని చూసి "వీడే వాడు" అని నేర్చుకున్నాయి. అవి అమెరికా కాకులు, మనవి వేరే జాతి. అయినా కుటుంబం ఒకటే. గూడున్న చెట్టెక్కిన పిల్లాడి నెత్తిన రోజూ మొట్టే కాకి ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది కదా, మనకి మాస్కులు కూడా అక్కర్లేదు. మన కళ్ళకి కాకులన్నీ ఒకటే. దాని కళ్ళకి మాత్రం ఎవరి మొహం వాళ్ళదే. ఈ సంగతి తెలిశాక కాస్త సిగ్గేసింది సుమా!

ఇక ఏం పెట్టాలన్నది. ఉప్పు తగలని పల్లీలు శ్రేష్ఠం. కోస్తా చెల్లెళ్ళూ, అవే మీ వేరుశనగ గుళ్ళు. ఉడికించిన గుడ్డు ముక్కలు చేసి పెడితే పండగే. ఉత్త అన్నం, చపాతీ ముక్క కూడా ఫర్వాలేదు. ఎండిన చపాతీని కాకి నీళ్ళలో ముంచి, నానబెట్టుకుని తినడం చూశారా? లేకపోతే ఓసారి చూడండి, ముచ్చటగా ఉంటుంది. మిక్చరు, చిప్సు, కారప్పూస వద్దేవద్దు. ఉప్పు పక్షులకి పడదు. చాక్లెట్ వాటికి విషం. బూజు పట్టిన రొట్టె, ముక్కిపోయిన పల్లీలు 'కాకులే కదా' అని పడేయకండి. బూజు పల్లీల్లో పుట్టే విషం పిట్టల్నీ చంపుతుంది, మనుషులకీ మంచిది కాదు. మనం తినలేనిది దానికీ పెట్టకూడదన్నది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ఎండాకాలంలో తిండికంటే నీళ్ళు ముఖ్యం. వెడల్పాటి మట్టిమూకుడులో నీళ్ళు పోసి నీడలో పెట్టండి, రోజూ కడిగి మార్చండి.

ఎంత పెట్టాలి? పిడికెడు, అంతే. ఎంగిలిచేత్తో కాకిని తోలని పిసినారులు మనలో ఎవరూ లేరని నాకు తెలుసు. మన బాధ తద్విరుద్ధం, పెట్టడం మొదలెడితే ఆపలేం! పెద్ద పళ్ళెం నిండా అన్నం కుమ్మరిస్తే స్నేహం పెరగదు, గుంపు పెరుగుతుంది. మన ఈ మామూలు కాకినే 1890ల్లో బ్రిటిష్‌వాళ్ళు చెత్త తింటుందని తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్ దీవికి తీసుకెళ్ళారు. అక్కడ చెత్త దొరికినకొద్దీ పెరిగి, తీరమంతా పాకి, అక్కడి చిన్నచిన్న పిట్టల గుడ్లూ పిల్లలూ మింగేసింది. చివరికి పది లక్షల కాకుల్ని మట్టుపెడతామని కెన్యా ప్రభుత్వం 2024లో ప్రకటించాల్సి వచ్చింది. తప్పు కాకిది ఎలా అవుతుంది? విస్తరి పరిచింది మనుషులు. మన పార్కులోనూ పిచుకలు, పికిలి పిట్టలు ఉన్నాయి. కాకుల గుంపు పెరిగితే ముందు వాటి గూళ్ళకే ముప్పు.

ఇరుగుపొరుగు సంగతీ చూసుకోవాలి. సియాటిల్‌లోనే ఓ చిన్నపిల్ల రోజూ కాకులకి తిండి పెడితే, అవి పూసలు, గుండీలు, మెరిసే ముక్కలు తెచ్చి పెట్టాయని 2015లో బీబీసీ చెప్పింది. లోకమంతా మురిసిపోయింది. అదే ఏడు ఇరుగుపొరుగువాళ్ళు గోల భరించలేక కోర్టుకెక్కారు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. ముంబయిలో పావురాలకి గింజలు చల్లే దాదర్ కబూతర్ఖానాని 2025లో మూయించారు. రెట్టల వల్ల ఊపిరితిత్తుల జబ్బులొస్తాయన్నదే అక్కడి గొడవ. అందుకని బెంచీల పక్కన, పిల్లల ఉయ్యాలల దగ్గర పెట్టకండి, ఓ మూల చూసుకోండి. అవి తిని మిగిల్చింది ఏరేయండి. కేబీఆర్ పార్కు లాంటి జాతీయ ఉద్యానాల్లో, జూలో ఏ జీవికీ ఏమీ పెట్టకూడదు. ఆ నియమం మనకీ వర్తిస్తుంది, "ఒక్క పల్లీయే కదా" అనకండి.

భయపెట్టడానికి కాదుగానీ, ఒక జాగ్రత్త. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో కాకులు కుప్పలుగా చచ్చిపోతే పరీక్ష చేశారు, బర్డ్ ఫ్లూ అని తేలింది. ఎక్కడైనా కాకి చచ్చిపడి ఉంటే ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, మున్సిపాలిటీకో పశువైద్యశాలకో చెప్పండి. ఊళ్ళో బర్డ్ ఫ్లూ మాట వినబడితే కొన్నాళ్ళు తిండి పెట్టడం ఆపేయండి. తిండి పెట్టొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవడం ఎప్పుడూ ఉండాల్సిందే.

ఎండాకాలం వచ్చేసరికి మన స్నేహితురాలికి కోపం ముక్కు మీదే ఉంటుంది. అది గూడు కట్టుకునే కాలం. ఎగరడం పూర్తిగా రాని పిల్ల నేల మీద గెంతుతుంటే "అయ్యో పాపం, పడిపోయింది" అని ఎత్తుకోకండి. తల్లీతండ్రీ పై కొమ్మ మీదే ఉంటాయి, మీ నెత్తి చితుకుతుంది! కుక్కో పిల్లో కాచుకుని ఉంటే దాన్ని తోలండి చాలు. ఆ కాలంలోనే కోయిల వచ్చి కాకి గూట్లో గుడ్లు పెట్టిపోతుంది. కూత పేరు కోకిలమ్మకి వచ్చింది గానీ, తీయగా కూసే ఆ నల్లపిట్ట మగది. మచ్చల గోధుమరంగు ఆడకోయిల గుట్టుగా పని కానిచ్చుకుంటుంది. పొదిగేదీ, నోటికి ముద్ద అందించి పెంచేదీ కాకే. ఉగాదికి మనం మురిసిపోయే ఆ పాటకి కాకి పెట్టిన తిండి ఉందన్నమాట.

చట్టం కూడా ఈమధ్యే కళ్ళు తెరిచింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకిని ఎలుకలతో కలిపి చంపినా ఫర్వాలేదనే హానికర జీవుల జాబితాలో వేశారు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ జాబితానే ఎత్తేశారు. కాగితం మీద కాకి పరువు నిలబడింది. మన మనసుల్లోంచి కూడా ఆ జాబితా పోవాలి.

రేపు నడకకి వెళ్ళేటప్పుడు ఉప్పులేని పల్లీలు పిడికెడు కొంగున కట్టుకోండి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి. చెయ్యెత్తకుండా, రాయి తీయకుండా, ఓపికపట్టి ఒక ప్రాణి నమ్మకం సంపాదించుకోవడం వాళ్ళకి ఏ బడిలోనూ నేర్పరు. గింజలు తెచ్చిన ప్లాస్టిక్ కవరు మాత్రం పార్కులో వదిలిరాకండమ్మా!