మాపటికే ఓళిగలు కాల్చేయండి

ఇంటికి నలభై మంది చుట్టాలు దిగిన పొద్దున ఆ ఇంటి ఇల్లాలితో కూర్చుని మాట్లాడినవాళ్లు ఎందరో అడిగి చూడండి. వంటింటి గడప దగ్గర నిలబడి "బాగుండావా అక్కా" అని పలకరించి వెనక్కి వచ్చినవాళ్లే ఎక్కువ. ఆమె పెనం మీదినుంచి కన్ను తీయకుండానే బదులు పలికి ఉంటుంది. ఏడాదికోసారి వచ్చే చెల్లెలు తిని, చేయి కడుక్కుని, బస్సెక్కి వెళ్లిపోతుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నది ఉండదు. ఆమెకు ఓపిక లేక కాదు, ప్రేమ లేక కాదు. మాపే ముగించగలిగిన పని పొద్దుటికి మిగిలింది, అంతే.

గాండ్లపెంట, కదిరి చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి పొద్దుటిపూటలు ఏటా వస్తాయి. ముందు శివరాత్రి. ఐదెకరాలు పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన తిమ్మమ్మ మర్రిమాను దగ్గర జాతర జరుగుతుంది. ఉపవాసం, జాగారం ముగించుకుని తెల్లారి ఇంటికొచ్చినవాళ్లు నిజమైన ఆకలితో వస్తారు. తరువాత ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు. తేరు మీద దవనం, మిరియాలు చల్లడానికి బెంగళూరులో పనులు చేసుకునే మనవాళ్లంతా ముందు రోజుకే ఊరు చేరుతారు. ఆ వెనకే ఉగాది. శివరాత్రి నుంచి ఉగాది దాకా ఉన్నది నెల రోజులు. ఆ నెలలోనే మూడుసార్లు ఇల్లు నిండుతుంది. మూడుసార్లూ పొద్దున్నే ఆకులో తీపి పడాలి, ఆ తీపి ఓళిగ అయితేనే మనవాళ్లకు తృప్తి.

కాబట్టి ముందు లెక్క వేసుకోండి. నలభై మందికి తలా రెండు, పిల్లలు అడిగేవి, దారికి కట్టిచ్చేవి కలిపితే తొంభై. ఓళిగ రెండు వైపులా కాలి, నెయ్యి తాగి దిగడానికి రెండు నిమిషాలైనా పడుతుంది. ఒక పెనం మీద తొంభై ఓళిగలకు నూట ఎనభై నిమిషాలు, అంటే మూడు గంటలు. పూర్ణం రుబ్బడం, పిండి కలపడం ఈ లెక్కలో లేనే లేవు. ఏడున్నరకు ఆకులు వేయాలంటే నాలుగున్నరకు పెనం ఎక్కాలి, అంతకు ముందే రెండున్నరకో మూడుకో లేవాలి. ఈ లెక్కను కాగితం మీద వేసినవాళ్లెవరూ "పొద్దున్నే చేసుకుందాంలే" అనరు. వేయనివాళ్లే అంటారు.

మన అంచనాలు ఎప్పుడూ తక్కువకే పోతాయి. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే ఈ బలహీనత గురించి రాశారు. 1994లో కెనడాలో రోజర్ బ్యూలర్, ఆయన తోటివాళ్లు విశ్వవిద్యాలయ విద్యార్థులను "మీ పరిశోధన వ్యాసం ఎన్ని రోజుల్లో ముగిస్తారు" అని అడిగారు. విద్యార్థులు చెప్పినది సగటున 34 రోజులు. నిజంగా పట్టినది 55 రోజులు దాటింది. చదువుకున్నవాళ్లు, తమ పని గురించి తామే చెప్పిన లెక్క అది. మనం పండగపూట నోటితో చెప్పే "గంటలో అయిపోతుంది" దానికంటే నమ్మదగినదేమీ కాదు. గంట అనిపించినచోట రెండు గంటలు రాసుకోండి.

ఇక అసలు విషయం. ప్రతి పెద్ద పనిలోనూ రెండు రకాల పనులు కలిసి ఉంటాయి. కొన్ని ఆగగలవు, కొన్ని ఆగలేవు. మన చెనిక్కాయ రైతుకు ఇది బాగా తెలుసు. వాన ఎప్పుడు పడుతుందో అతని చేతిలో లేదు. పడిన తరువాత నేలలో పదును ఉండేది కొద్ది రోజులే. అందుకే కాయ ఒలిచి, గింజ ఏరి, విత్తనశుద్ధికి మందు తెచ్చిపెట్టుకుని, గొర్రు బాగుచేయించుకుని వానకోసం చూస్తాడు. పదును వచ్చాక విత్తనం వెతుక్కోవడానికి బయలుదేరేవాడికి ఆ ఏడు పంట దక్కదు. మీ ఇంటి పొద్దుటిపూట కూడా ఆ పదునులాంటిదే. చెల్లెలు కూర్చునే అరగంట ఆగదు, పెద్దనాన్న చెప్పబోయే మాట ఆగదు. బెల్లం ఆగుతుంది, పూర్ణం ఆగుతుంది. కాల్చిన ఓళిగ కూడా ఒక రాత్రి హాయిగా ఆగుతుంది.

ఏది ఎంతసేపు ఆగుతుందో కచ్చితంగా తెలిస్తేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. అందుకని కాస్త వివరంగా చెబుతాను.

రెండు రోజుల ముందు సరుకు చూసుకోండి. కిలో శనగబేడలకు కిలో బెల్లం, పై పిండికి ముప్పాతిక కిలో నుంచి కిలో. నిమ్మకాయంత ఉండలు చేస్తే యాభైకి అటూ ఇటూ ఓళిగలు వస్తాయి. తొంభైకి రెండు కిలోల బేడలు పెట్టుకుంటే చాలు. బెల్లం కొట్టి డబ్బాలో పోసుకోండి, యాలకులు దంచుకోండి. సిలిండర్ ఊపి చూడండి. పక్కింటి పెద్ద పెనం అప్పుడే అడిగి తెచ్చుకోండి. ఇవన్నీ చిన్న పనులే, కానీ పండగ పొద్దున వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఇల్లంతా పరుగులే.

ముందు రోజు మధ్యాహ్నం పై పిండి మెత్తగా కలిపి, మీద నూనె పోసి మూత పెట్టండి. రెండు మూడు గంటలు నానితే పిండి సాగుతుంది, తట్టేటప్పుడు చిరగదు. బేడలు గంటసేపు నానబెట్టి ఉడికించండి. వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి, గిన్నెలో మాత్రం ముద్ద కాకూడదు. నీళ్లు పూర్తిగా వంచేయండి. ఆ కట్టును పారబోయకండి, ఓళిగ చారు దానితోనే. హిందూపురం మార్కెట్‌కు పేరు తెచ్చిన చింతపండు ఇంట్లో ఉంటే ఆ చారు సంగతి వేరుగా చెప్పనక్కర్లేదు. బేడల్లో బెల్లం వేసి దగ్గరపడేదాకా ఉడికించి రుబ్బండి. పూర్ణం జారుగా ఉంటే ఇంకాస్త సేపు పొయ్యి మీదే ఉంచండి. తేమ మిగిలితే తట్టడమూ కష్టమే, నిలవా తక్కువే.

సాయంత్రం కాల్చండి. కాల్చినవాటిని వేడివేడిగా ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. మా ప్రాంతంలో ఓళిగలు చెడేది ఎక్కువగా ఇక్కడే. లోపలి ఆవిరి బయటికి పోలేక నీరుగా మారి అంచులను తడుపుతుంది, ఆ తడిలోనే బూజు పుడుతుంది. శుభ్రమైన తెల్లగుడ్డ మీద విడివిడిగా పరిచి, పూర్తిగా చల్లారాక గుడ్డ పరిచిన బుట్టలోకి ఎత్తండి. గట్టిగా మూత బిగించొద్దు. ఎండ నలభై డిగ్రీలవైపు ఎక్కే రోజుల్లో శనగబేడల ఓళిగను రేపు పొద్దున దాటి బయట ఉంచకపోవడమే క్షేమం. పచ్చికొబ్బరి కలిపినదైతే రాత్రికి కూడా వద్దు.

రెండు మూడు రోజుల ముందే చేసిపెట్టుకోవాలనుకునేవాళ్లకు చెనిక్కాయ ఓళిగ ఉంది. వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టి బెల్లంతో కలిపే పూర్ణంలో నీళ్ల చుక్క ఉండదు, అందుకే నిలుస్తుంది. నువ్వులు కలిపితే ఇంకా రుచి. కదిరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి కదిరి–6, కదిరి లేపాక్షి లాంటి వేరుశనగ రకాలు వచ్చిన నేల ఇది. ఈ ఓళిగ మన ఆకుల్లో ఇంత అరుదుగా కనిపించడం నాకు బాధగానే ఉంటుంది.

పొద్దున ఏడుకు పెనం మళ్లీ పెట్టండి. చల్లారిన ఓళిగ ఒక్కొక్క వైపు కొన్ని సెకన్లు వెచ్చబడితే చాలు, నెయ్యి రాసి ఆకులో వేయండి. రాత్రంతా పూర్ణంలోని తేమ పై పొరలోకి దిగి ఉంటుంది కాబట్టి అది నిన్నటికంటే మెత్తగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినదైతే గట్టిపడుతుంది, భయపడక్కర్లేదు, వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. పక్కన చిత్రాన్నమో ఉగ్గానో ఉంటే అందరికీ సరిపోతుంది. వాటి తిరగమాత సరుకు కూడా రాత్రే గిన్నెల్లో సర్దుకోండి.

అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్లలో ఇదే సూత్రం ఇంకో రూపంలో కనిపిస్తుంది. రొట్టె ముక్కలను పాలు, గుడ్లు, పంచదార కలిపిన మిశ్రమంలో రాత్రే నానబెట్టి ట్రేని ఫ్రిజ్‌లో పెడతారు. పొద్దున లేచి ఓవెన్‌లోకి తోస్తారు. అది కాలేలోపు స్నానం చేసి, చుట్టాలతో కాఫీ తాగుతారు. ఓవెన్ గొప్పదనం ఒక్కటే, ట్రే మొత్తం ఒకేసారి కాలుతుంది, పక్కన మనిషి నిలబడనక్కర్లేదు. ఓవెన్ ఉన్నవాళ్లు ముందు రోజు ఓళిగలను కూడా అల్యూమినియం రేకులో చుట్టి, అందులోనే ఒకేసారి వెచ్చబెట్టుకోవచ్చు. కదిరి, హిందూపురం బేకరీల్లో దొరికే బన్నులు, దిల్‌పసంద్ సంగతీ అంతే. మనం టీతో తినే వేళకు పిండి పనంతా ముగిసి ఎంతోసేపై ఉంటుంది.

"వేడివేడిగా అప్పుడే కాల్చి వడ్డిస్తేనే మర్యాద" అనేవాళ్లు ఇంటింటా ఒకరుంటారు. వాళ్ల మాటలో అభిమానం ఉంది, కాదనను. అయితే వచ్చినవాళ్లు ఇంటికెళ్లాక ఏం గుర్తుపెట్టుకుంటారో ఆలోచించండి. ఓళిగ పెనం మీదినుంచి దిగి ఎన్ని నిమిషాలైందో ఎవరికీ గుర్తుండదు. తమ పక్కన కూర్చుని తమ కష్టం విన్నారా, పిల్లవాడి ఉద్యోగం గురించి అడిగారా అన్నది ఏళ్ల తరబడి గుర్తుంటుంది. చెమటలు కారుతూ, విసుక్కుంటూ వడ్డించిన వేడి ఓళిగకంటే, నవ్వుతూ పక్కన కూర్చుని వేసిన వెచ్చటి ఓళిగ నా దృష్టిలో పెద్ద మర్యాద.

కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏ వేళ ఎవరు వచ్చినా అన్నం పెట్టి పంపిన తల్లి. 2024లో మన రాష్ట్రంలో బడి మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టారు. ఆమె దయ గురించి అందరూ చెబుతారు. ఆ దయ వెనక ఉండి తీరాల్సిన ఏర్పాటు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. చెప్పాపెట్టకుండా వచ్చినవాడికి అన్నం దొరకాలంటే బియ్యం, పప్పు, కట్టెలు, చేతులు ముందే సిద్ధంగా ఉండాలి కదా. పెట్టే మనసున్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆ మనసుకు తోడుగా ముందుచూపు పెట్టుకున్నవాళ్లు తక్కువ.

ఒంటరిగా చేసే అలవాటు కూడా మానండి. "తొంభై ఓళిగలు నేనొక్కదాన్నే కాల్చాను" అనుకోవడంలో గర్వం ఉంటుంది, దాని వెంటే నడుంనొప్పీ ఉంటుంది. ఈ పని ముగ్గురికి సరిగ్గా అమరుతుంది. ఒకరు ఉండలు చేసి పూర్ణం నింపాలి, ఒకరు తట్టాలి, ఒకరు కాల్చాలి. రెండో పెనం పెడితే మూడు గంటల పని గంటన్నరకు దిగుతుంది. ఆ ముగ్గురిలో ఒకరు మగవాళ్లు కావాలని గట్టిగా చెబుతున్నాను. నూనె రాసిన కవరు మీద ఉండను తట్టడం పదో ఓళిగకల్లా ఎవరికైనా వచ్చేస్తుంది. మొదటి తొమ్మిది వంకరగా వస్తే పిల్లలు తినేస్తారు. సాయం అడగడానికి మొహమాటపడేవాళ్లకు ఒక మాట. "కాస్త సాయం చేస్తారా" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. "సాయంత్రం ఐదుకు వచ్చి గంటసేపు ఉండలు చేసిపెట్టు వదినా" అంటే ఆమె ఐదుకే వస్తుంది.

రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు మిగుల్చుకోండి. పొద్దున చేయాల్సినవి వరుసగా కాగితం మీద రాయండి. పాలు ఎవరు తెస్తారు, ఆకులు ఎవరు కడుగుతారు, పొయ్యి ఎన్నింటికి వెలగాలి. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం 57 మంది యువతీ యువకులతో చేసిన పరిశోధన 2018లో వెలువడింది. పడుకునే ముందు ఐదు నిమిషాలపాటు సగం మంది చేయాల్సిన పనులు రాశారు, మిగతావాళ్లు చేసేసిన పనులు రాశారు. చేయాల్సినవి రాసినవాళ్లకు సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా. పండగ ముందు రాత్రి తొమ్మిది నిమిషాల నిద్ర ఎంత విలువైనదో వంట చేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇంటర్వ్యూకు వెళ్లే కుర్రవాడు సర్టిఫికెట్ల ఫైలు, ఇస్త్రీ చొక్కా, బస్సు వేళ ముందు రాత్రే సర్దుకోవడం, పెళ్లిచూపులకు ముందు రోజే ఇల్లు సర్దుకోవడం అన్నీ ఈ కోవలోవే. ఆగగలిగిన పనులను ముందు రోజుకే జరిపితే, ఆగలేని ఘడియలో మీ మనసంతా ఎదుటి మనిషి మీదే ఉంటుంది.

చుట్టాలు వెళ్లిన సాయంత్రం ఇంకొక్క పని చేయండి. గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ పక్కనే పెన్నుతో రాయండి: ఎంతమంది వచ్చారు, ఎన్ని కిలోల బేడలు పెట్టారు, ఎన్ని ఓళిగలు మిగిలాయి, కాల్చడం ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగిసింది, ఎవరెవరు సాయం వచ్చారు. కొత్త ఏడాది క్యాలెండర్ తగిలించేటప్పుడు ఆ కాగితం చించి పోపుల డబ్బా కింద పెట్టుకోండి. శివరాత్రికి సరుకు చీటీ రాసేది దాన్ని చూసే.