పొత్తు సంఘములు - వాటి మూలధనము

గ్రామమునకు ధనసహాయము కావలెనన్నచో ఎవరి వాకిట నిలువవలెనని మన రైతులు సాధారణముగా నడుగుదురు. అంతకుముం దడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. ఆ ధనము వచ్చి చేరుటకు గ్రామమున నొక చోటు సిద్ధముగా నున్నదా?

పొత్తు సేద్య మెఱుగని రైతు లేడు. ఒకరికి భూమి యుండును, ఒకరికి ఎడ్లుండును. కలిసి పండించి కల్లమువద్ద పంచుకొందురు. అట్టి పొత్తులు చెడునది పెక్కుసారులు వానలవలన గాదు, నోటిలెక్కలవలన. సంఘ మనగా లెక్క వ్రాసి పెట్టుకొనిన పొత్తే. చట్టముల కాగితములందలి పెద్ద మాటలను జూచి బెదరవలసిన పని లేదు.

బ్రిటిషు ఇండియాలో సహకార పరపతి సంఘముల చట్టము 1904 సంవత్సరమున వచ్చినది. హైదరాబాదు సంస్థానమున 1914లో ఈ యుద్యమ మారంభమైనది. అయినను 1951-52లో దేశమంతట జరిపిన గ్రామీణ పరపతి విచారణయందు, రైతులు తెచ్చిన అప్పులో సహకార సంఘముల పాలు నూటికి సుమారు 3 మాత్రమేయని తేలెను. వడ్డీ వ్యాపారుల పాలు నూటికి 70 వఱకు నుండెను.

ఇట్లేల జరిగెనో రైతులు చక్కగా గ్రహింపవలెను. సంఘము అప్పిచ్చి యూరకుండెను. షావుకారో, అప్పును, నాగుకిచ్చు విత్తనమును, పంట కొనుగోలును మూడింటిని తన చేతనే యుంచుకొనెను. పంట ఎవరి కొట్టునకు చేరునో బాకీ వారికే వసూలగును. సంఘపు బాకీ మాత్రము పుస్తకమున నిలిచిపోయెను. కావున పరపతిని విక్రయముతో ముడివేయవలెనని ఆ విచారణ సంఘమువారు 1954లో ప్రకటించిన నివేదికయందు వ్రాసిరి.

అట్లు ముడివేసిన సంఘమును చూడగోరువారు హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలములోని ముల్కనూరునకు పోవచ్చును. అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి పూనికతో 1956లో నచ్చట వెలసిన సంఘము అప్పు ఇచ్చుటతో నాగక, ఎరువులు, విత్తనములు సమకూర్చి, సభ్యుల ధాన్యమును, పత్తిని తానే కొని, మిల్లు పట్టించి విక్రయించు పనికి పూనుకొనెను. అప్పు పోయిన దారినే పంట తిరిగి వచ్చెను. ఆ ప్రాంతపు స్త్రీలు వేఱుగా పాల సంఘమును స్థాపించుకొనిరి.

ఇక ధనము మాట. 2020లో కేంద్ర ప్రభుత్వము రైతు ఉత్పత్తిదారుల సంఘములకై చేసిన యేర్పాటునందు, సభ్యుడు పెట్టిన వాటాకు సమానముగా, ఒక్కొక్కరికి రూ. 2,000 మించకుండ, సంఘమునకు మొత్తము రూ. 15 లక్షలు దాటకుండ, ప్రభుత్వము జతచేయుననిరి. మైదాన ప్రాంతమున కనీసము 300 మంది సభ్యులుండవలెను. 300 మంది తలకొక రూ. 2,000 పెట్టినచో 6 లక్షలు. దానికి మఱి 6 లక్షలు. ఎవరును ఏమియు పెట్టనిచోట జతచేయుటకును ఏమియు లేదు. ఉచితముగా వచ్చిన సొమ్మును కాపాడువారు తక్కువ. తన రెండువేలు అందులో నున్నవాడు లెక్క చూపుమని యడుగును.

ఉత్పత్తిదారుల కంపెనీగా నమోదైన సంఘమున సభ్యుని బాధ్యత సాధారణముగా వాటామేరకే. పూర్వపు గ్రామసంఘములందు ఒకరి బాకీకి అందఱు పూచీపడవలసి యుండెడిది. ఆ భయముతో వెనుదీయువారి కీ మాట తెలుపవలెను. ఎకరములెన్ని యున్నను ఓటొక్కటియే.

పెద్ద భూములు గల రైతులకు ప్రత్యేకముగా నొక మాట. చిన్న రైతు గడువు తప్పినచో సంఘము తట్టుకొనును. పెద్ద రైతు తప్పినచో, ఆయనను అడుగుటకు కార్యదర్శి జంకును. అది చూచి తక్కినవారును చెల్లింపరు. కావున మొదటి కిస్తు మీరే చెల్లింపుడు. రసీదును సంఘపు గోడకు అంటింపుడు.

బ్యాంకువారు మొదట చూచునది ఆదాయ వ్యయముల పుస్తకమును, సమావేశముల తీర్మాన పుస్తకమును. ఈ రెండింటిని వానకారు పనులకు ముందే, ఇంకను పైకమేమియు రాకమునుపే తెఱవవలెను. లెక్కలు వ్రాయువాడు అధ్యక్షుని బంధువు కాకుండుట మంచిది.