పెట్టుబడి – పద్దులు

వ్యాపారానికి ఆలోచన విత్తనమైతే పెట్టుబడి నీరు. ఆ నీరు ఎక్కడి నుండి వచ్చిందో, ఎటు పారిందో, చివరకు ఎంత మిగిలిందో తెలిపేవి పద్దులు. పద్దు రాయడం మన దేశానికి కొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం లెక్కల కార్యాలయాన్ని 'అక్షపటలం' అని పేర్కొన్నది. వచ్చినది ఆయం, ఖర్చయినది వ్యయం, మిగిలినది నీవి. ఏటా ఆషాఢ మాసంలో అధికారులు తమ లెక్కలను అక్కడ అప్పగించాలని ఆ గ్రంథం విధించింది. నాడు రాజ్యానికి అవసరమైన ఆ మూడు మాటలే నేడు వీధి చివరి అంగడికీ, వేల కోట్ల సంస్థకూ ఆధారం.

హైదరాబాదులోని విద్యానగర్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాలు విద్యార్థులకు నెలవులు. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరొకవైపు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, నడుమ పోటీపరీక్షల శిక్షణాకేంద్రాలు. ఇక్కడి అద్దె గదులలో అన్నం వండుకొని, కూరలు మాత్రం బయట కొనుక్కొనేవారు ఎందరో. అందుకే ఈ వీధులలో కర్రీపాయింట్లకు గిరాకీ ఎక్కువ. పట్టభద్రులైన ఇద్దరు మిత్రులు విద్యానగర్‌లో అటువంటి అంగడి ఒకటి తెరిచారనుకుందాం.

వారు దాచుకున్న సొమ్ము 2,00,000 రూపాయలు. బ్యాంకు అప్పు 3,00,000. మొత్తం 5,00,000 రూపాయలలో అంగడి అడ్వాన్సుకు 1,50,000, పొయ్యిలు, పాత్రలు, ఫ్రిజ్ వంటి సామగ్రికి 1,80,000 వెచ్చించారు. చేతిలో 1,70,000 మిగిలింది. ఈ వివరాలను ఒక పట్టీలో రాస్తే అది 'ఆస్తి అప్పుల పట్టీ'. ఒకవైపు ఆస్తులు, మరొకవైపు అప్పు, యజమానుల మూలధనం ఉంటాయి. రెండు వైపులా మొత్తం ఎల్లప్పుడూ సమానం. ఆ రోజున సంస్థ స్థితి ఏమిటో ఈ పట్టీ చెబుతుంది.

రెండవది 'లాభనష్టాల ఖాతా'. మొదటి నెలలో అమ్మకాలు 2,40,000 రూపాయలు. సరుకులకు 1,30,000, పనివారి జీతాలకు 35,000, అద్దెకు 25,000, గ్యాసు, విద్యుత్తులకు 14,000, వడ్డీకి 3,000 ఖర్చయింది. సామగ్రి రోజురోజుకూ అరుగుతుంది గనుక తరుగుదల కింద మరొక 3,000 రాయాలి. మొత్తం వ్యయం 2,10,000. లాభం 30,000 రూపాయలు. మిత్రులకు సంతోషమే.

అయితే గల్లాపెట్టె మరొక మాట చెబుతుంది. అమ్మకాలలో 80,000 రూపాయల కూరలు వసతిగృహాలకు అరువుగా వెళ్లాయి. చేతికి వచ్చినది 1,60,000 మాత్రమే. తరుగుదల నగదుగా చెల్లించే ఖర్చు కాదు. తక్కిన 2,07,000 చెల్లించారు. అప్పు అసలులో 5,000 కట్టారు. అంటే ఆ నెలలో నగదు 52,000 తగ్గి, 1,18,000కు చేరింది. దీనిని తెలిపేదే మూడవదైన 'నగదు ప్రవాహ నివేదిక'. బాకీలు వసూలు కాకుండా మరి రెండు నెలలు ఇదే తీరున గడిస్తే సుమారు 14,000 రూపాయలే మిగులుతాయి. కాగితంపై లాభం కనిపిస్తూనే అంగడి మూతపడే ప్రమాదం ఇక్కడ ఉన్నది. లాభం వేరు, నగదు వేరు. కొత్తగా వ్యాపారం ప్రారంభించేవారు మొదట గ్రహించవలసిన సత్యమిదే.

పెట్టుబడి మార్గాలు ముఖ్యంగా మూడు. సొంత సొమ్ములో స్వేచ్ఛ ఉంటుంది, పరిమితీ ఉంటుంది. అప్పు తీసుకుంటే లాభం వచ్చినా రాకపోయినా వాయిదా చెల్లించవలసిందే. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్ర యోజన చిన్న వ్యాపారులకు తాకట్టు లేని రుణాలకు దారి చూపింది. మూడవది వాటా ఇచ్చి సొమ్ము తీసుకోవడం. దీనికి వడ్డీ లేదు. కాని లాభంలోనూ నిర్ణయాలలోనూ మరొకరికి భాగం కలుగుతుంది. తెలుగువాడైన ఫణీంద్ర సామా దీపావళికి ఇంటికి వెళ్లడానికి బస్సు టిక్కెట్టు దొరకక పడిన ఇబ్బంది నుండి రెడ్‌బస్ ఆలోచన పుట్టింది. 2006లో బెంగళూరులో మిత్రులతో కలిసి సొంత పొదుపుతో ఆరంభించిన ఆ సంస్థ, పిమ్మట వాటాల ద్వారా పెట్టుబడి సమకూర్చుకొని ఎదిగింది. 2013లో దానిని ఐబిబో సంస్థ కొనుగోలు చేసింది.

పరుల సొమ్ము తీసుకున్నవారు పద్దును నిజాయితీగా రాయకపోతే ఏమవుతుందో హైదరాబాదు చూసింది. 1987లో స్థాపితమైన సత్యం కంప్యూటర్స్ దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒకటిగా ఎదిగింది. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు రాసిన లేఖ దేశాన్ని దిగ్భ్రాంతికి గురిచేసింది. ఖాతాలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు లేనేలేవని ఆయన అంగీకరించారు. వాటా విలువ ఒక్కరోజులో కుప్పకూలింది. వాటాదారులు నష్టపోయారు, వేలాది ఉద్యోగుల భవిష్యత్తు ప్రశ్నార్థకమైంది. ఆ ఏడాదే ఆ సంస్థ టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. 2015లో ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా 10 మందిని దోషులుగా నిర్ధారించగా, వారు పై న్యాయస్థానాన్ని ఆశ్రయించారు.

కర్రీపాయింటు గల్లాపెట్టెను రాత్రికి లెక్కపెట్టి పద్దుతో సరిచూడడమూ, పెద్ద సంస్థ నిల్వను బ్యాంకు పత్రంతో ఆడిటర్ సరిచూడడమూ ఒకే ధర్మం. పెట్టుబడి ఇచ్చేవాడు సొమ్ముతోపాటు నమ్మకాన్నీ అప్పగిస్తాడు. ఆ నమ్మకానికి వ్యాపారి ఇవ్వవలసిన జవాబే పద్దు.

అభ్యాసం
1. లాభానికీ నగదుకూ గల భేదాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. అప్పుగా తెచ్చిన పెట్టుబడికీ, వాటా ఇచ్చి తెచ్చిన పెట్టుబడికీ తేడా ఏమిటి?
3. మొదటి నెల చివర ఆ మిత్రుల ఆస్తి అప్పుల పట్టీని తయారుచేసి, రెండు వైపులా మొత్తం 5,25,000 రూపాయలు అవుతున్నదో లేదో సరిచూడండి.