హృదయమునకు కావలి

చదువుము: దానియేలు 1:1-21

యెరూషలేమును తన బలముచేతనే జయించితినని నెబుకద్నెజరు తలంచియుండును. లేఖనమట్లు చెప్పదు, ప్రభువే యూదా రాజును అతని చేతికప్పగించెనని 2వ వచనము తెలుపుచున్నది. క్రీ.పూ. 605 ప్రాంతమున చెరపోయిన యౌవనస్థునికి ఇదెంత చేదైన సత్యము!

అయినను దేశమును, ఇంటిని, తుదకు పేరును పోగొట్టుకొనిన దానియేలు తన హృదయమును మాత్రము అప్పగింపలేదు. 8వ వచనములో అతడు ఉద్దేశించెననుటకు హెబ్రీ మూలమందు హృదయముపై ఉంచుకొనెనని యున్నది. కల్దీయుల విద్యను అతడు నిరాకరింపలేదు. బెల్తెషాజరను పేరునకై కలహింపలేదు. (మనమైతే పేర్లకొరకే పోరాడుదుము!) రాజభోజనము విషయమై మాత్రము వినయముతో వేడుకొని, పది దినముల పరీక్ష కోరెను.

ప్రియ చదువరీ, అధిపతికి అతనియెడల దయ పుట్టించినదెవరు? దేవుడే (9వ వచనము). చెరకు అప్పగించిన హస్తమే చెరలో అనుగ్రహించెను. బబులోను కూలినది, కోరెషు ఏలుబడి మొదటి సంవత్సరమున దానియేలు ఇంకను అచ్చటనే యుండెను.