చేనిగట్టు తుమ్మితో చిట్కాలు

వానలు పడ్డాక ఇటిక్యాల చుట్టుపక్కల చేనిగట్ల మీద, బాటల పక్కన తుమ్మి దానంతటదే మొలుస్తుంది. కలుపని పీకేసే ఈ మొక్క మీద మన పల్లెల్లో నమ్మకాలు చాలానే ఉన్నాయి. కొన్ని వంటింటికి మేలు చేస్తాయి, ఒకటి మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

1. నలుపలకల కాడ, సన్నని ఆకు, కణుపు కణుపుకూ గుత్తిగా తెల్లని పూలు ఉంటే అది తుమ్మే. ఆకు నలిపితే ఘాటు వాసన వస్తుంది.

2. విత్తనం కోసం వేసే సీడ్ పత్తి చేలల్లో, వాటి గట్ల మీద ఎంత లేతగా కనిపించినా కోయకండి. అక్కడ కొట్టే మందులు కడిగినంత మాత్రాన పోవు. దానికి బదులు పెరట్లో ఒకటి రెండు మొక్కలను పీకకుండా విత్తనం రాలనిస్తే, మరుసటి వానలకు మళ్లీ అక్కడే మొలుస్తాయి.

3. వినాయకుడికి పెట్టే 21 పత్రుల్లో తుమ్మి లేదు. అయినా తెలంగాణలో చవితి నాడు తుమ్మికూర వండాల్సిందే. ఆ రోజు తింటే ఏడాదంతా జబ్బులు దరిచేరవని పెద్దల నమ్మకం. లేత ఆకులే తుంచి, మూడు నాలుగు నీళ్లలో కడగండి. పెసరపప్పుతో ఉడికించి, చింతపండు పులుసు కాస్త ఎక్కువే పోయండి, చేదు విరుగుతుంది. ఎల్లిగడ్డ, జీలకర్ర, ఎండుమిరపకాయల పోపు పెట్టి జొన్నరొట్టెతో తింటే ఆ రుచే వేరు. చవితికే ఎందుకు ఆపాలి? లేతాకు దొరికినన్నాళ్లూ వండుకోవచ్చు.

4. తుమ్మిపూలు శివుడికి ఇష్టమంటారు. కార్తీకంలో అలంపురం బాలబ్రహ్మేశ్వరుడి దర్శనానికి వెళ్తే దోసెడు పూలు తీసుకెళ్లండి. తేనె కోసం చీమలు దూరి ఉంటాయి, కోసిన వెంటనే విదిలించాలి.

5. దోమలకు ఎండిన తుమ్మి, వేపాకు కలిపి పశువుల కొట్టం బయట పొగ వేయండి. పసిపిల్లలు, ఆయాసం ఉన్నవాళ్లు పడుకునే గదిలో వద్దు.

6. పడిశానికి తుమ్మి పసరు ముక్కులో పిండే అలవాటు ఉంది. పిల్లలకు అసలు చేయకండి.

7. పాముకాటుకు తుమ్మి పసరు పోసి మంత్రం వేస్తే విషం దిగుతుందన్న మాటను మాత్రం వదిలేయండి. విషం లేని పాము కరిచినవాళ్లు ఎలాగూ బతుకుతారు, ఆ పేరు పసరుకు దక్కుతుంది. కాటు దగ్గర కోయొద్దు, తాడుతో బిగించొద్దు, ఏమీ మింగించొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, వెంటనే ప్రభుత్వ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. విషానికి విరుగుడు ఇంజెక్షన్ అక్కడ ఉంటుంది.