గాదె ఖాళీయైన యేట కృతజ్ఞత

చదువవలసిన భాగము: హబక్కూకు 1:1-4, 3:16-19
ధ్యాన వాక్యము: 1 థెస్సలొనీకయులకు 5:18



పంట బాగుగా పండిన యేట కోత పండుగ చేయుట సులభము. ధాన్యపు బస్తాలు, గుమ్మడికాయలు, కోళ్లు దేవాలయమునకు వచ్చును. అందరి ముఖములును కళకళలాడును. అయితే కోతకు వచ్చిన వరి తుపానుకు నేలకొరిగి, వెన్నుల మీదనే మొలకెత్తిన యేట ఏమి చేయుదుము? అప్పిచ్చినవాడు గుమ్మములో నిలిచియుండగా స్తోత్రమని ఎట్లు చెప్పుదుము?

1. ప్రవక్త మొదట మొరపెట్టెను. హబక్కూకు గ్రంథము స్తుతితో ఆరంభము కాలేదు. తాను ఎంతకాలము మొరపెట్టవలెనని దేవునినే అడుగుటతో ఆరంభమైనది. కల్దీయుల దండు రానున్నదని తెలిసి అతడు వణకెను. దేవుడు అతనిని త్రోసివేయలేదు, జవాబిచ్చెను. కాబట్టి కన్నీరు కార్చుట అవిశ్వాసము కాదు.

2. అతడు నష్టమును లెక్కించెను. అంజూరము, ద్రాక్ష, ఒలీవ, చేని పంట, గొఱ్ఱెలు, పశువులు అని ఆరింటిని పేరుపేరున చెప్పెను. ఆ దేశములో ఇవి పోయినయెడల ఇంట నూనె లేదు, రొట్టె లేదు, పాలు లేవు. అంతయు లెక్కించిన తరువాతనే తన సంతోషము దేవునియందేయని పలికెను. అతడు నష్టమునుబట్టి సంతోషింపలేదు. నష్టములోను తన్ను విడువని దేవునినిబట్టి సంతోషించెను. పౌలు కృతజ్ఞతను గూర్చి వ్రాసినదియు సుఖముగానున్న సంఘమునకు కాదు, శ్రమపడుచున్న సంఘమునకే.

3. కృతజ్ఞత దినదినము అభ్యసింపవలసినది. మన తల్లులు పిడికెడు బియ్యము తీయు వాడుక మనకు తెలిసినదే. ఎసటిలో పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి కుండలో వేసి, ఆదివారమున సంఘమునకు తెత్తురు. పుట్లకొలది పండిన యింటను పిడికెడే, కూలితో బ్రదుకు ఇంటను పిడికెడే. గింజలు తక్కువైన దినమున ఆ చేయి ఒక క్షణము ఆగును. ఆ క్షణమందే విశ్వాసము పరీక్షింపబడును. తీయుటకు పిడికెడైనను లేనివారు సిగ్గుపడనక్కరలేదు. ఆ దినమున సంఘపు బియ్యము వారిదే. వారిని అడుగనీయక ముందే వారి గడప త్రొక్కుట మిగిలినవారి కృతజ్ఞత.

ఇంట చేయవలసినది: ఈ నెలంతయు రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరు ఆ దినపు భారము ఒకటి, మేలు ఒకటి చెప్పవలెను. మేలు చిన్నదైనను సరే: పొరుగువారు పోసిన మజ్జిగ, బిడ్డకు తగ్గిన జ్వరము. భారమును దాచవద్దు, మేలును మరువవద్దు.

ప్రశ్నలు:
1. హబక్కూకు చెప్పిన ఆరింటికి బదులు మన ఊరిలో వేటిని చెప్పుదుము?
2. ఈ యేట నష్టపడిన కుటుంబములకు మన సంఘము ఏమి చేయగలదు?

ప్రార్థన: తండ్రీ, మా గాదె నిండినను ఖాళీయైనను నీవు మాకు చాలినవాడవని ప్రతి దినము ఒప్పుకొను మనస్సు దయచేయుము. లేనివారిని మరువని చేతులను మాకిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.