పాల మీద పుకార్లు: మనం ఎందుకు నమ్ముతాం?



ముందు నిజం చెప్పుకుని, ఆ తరువాత అబద్ధం జోలికి వెళదాం. 2018 మే నుంచి అక్టోబరు వరకు భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దేశంలోని 1,103 పట్టణాలలో 6,432 పాల నమూనాలు తీయించి పరీక్ష చేయించింది. వాటిలో నూటికి 93 తాగడానికి భయం లేనివే. హైడ్రోజన్ పెరాక్సైడు, డిటర్జెంటు, యూరియా వంటివి కలిపి పాడుచేసినవి 12. ఆ పన్నెండులో 9 మన తెలంగాణవే కావడం మనకు తలవంపే, దాచవలసిన పని లేదు.

ఇక అబద్ధం. పాల కల్తీని అరికట్టకపోతే 2025 నాటికి మన జనాభాలో నూటికి 87 మంది క్యాన్సరు వంటి రోగాల పాలవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించిందట! 2018 నుంచి ఈ వార్త సెల్‌ఫోన్లలో తిరిగింది. అలాంటి సలహా ఏదీ తాము ఇవ్వలేదని ఆ సంస్థ భారత కార్యాలయమే తెలియజేసింది, కేంద్ర పాడిపరిశ్రమ శాఖ ఆ సంగతి ప్రకటించింది. అయినా సికింద్రాబాదులో ఒక ఇల్లాలు ఆ వార్త చదివి పిల్లవాడి గ్లాసు తగ్గిస్తే, ఆ నష్టం చివరికి వచ్చేది మన సంఘం క్యాను దగ్గరికే.

చదువు లేనందువల్ల నమ్మారనుకోకండి. 1977లో అమెరికాలో హాషర్, గోల్డ్‌స్టీన్, టొప్పినో అనే పరిశోధకులు కళాశాల విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు కొన్ని వాక్యాలు వినిపించారు. మళ్లీ మళ్లీ విన్న వాక్యాలు, నిజమైనా కాకపోయినా, వారికి అంతకంతకు నిజమనిపించాయి. చెవికి అలవాటైన మాటను మనసు తెలిసిన మాటగా జమకట్టుకుంటుంది. బావమరిది పంపాడు, మేనల్లుడు పంపాడు, పాలకేంద్రం దగ్గర ఎవరో చదివారు. మూడుచోట్ల విన్నామనుకుంటాం, పుట్టినచోటు ఒక్కటే. పైగా పాలలో నీళ్లు కలిపేవారిని మనం కళ్లారా చూసినవాళ్లమే. పునాది నిజం కాబట్టి పైన కట్టిన అబద్ధం కూడా నిలబడిపోతుంది.

పుకారు చేసే పెద్ద అపకారం వేరే ఉంది. అది భయాన్ని తప్పు చోటికి మళ్లిస్తుంది. అదే పరీక్షలో 368 నమూనాలలో అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితికి మించి కనిపించింది. ఇది ఎవరో దొంగచాటుగా కలిపింది కాదు. బూజు పట్టిన దాణా పశువు తింటే పాలలోకి దిగేది. కాచినా పోదు. క్యాన్సరు భయం నిజంగా పెట్టుకోవలసినది దీని గురించే, కాని దీనిమీద ఎవరూ వార్తలు పంపుకోరు.

కేంద్రంలో మనం పాలను రంగు చూసి తీసుకోం. లాక్టోమీటరు ముంచుతాం, వెన్న శాతం తీస్తాం. వార్తనూ అలాగే పట్టి చూడాలి. ఎవరు చెప్పారు? ఏనాడు? ఎన్ని నమూనాలు చూసి? జవాబు దొరకనిది ఇంకొకరికి పంపకుండా కార్యదర్శికి చూపండి. నమ్మినవారిని కసరవద్దు. “అంతా అబద్ధం” అని ఊరుకుంటే ఆ ఖాళీలోకి పాతమాటే వచ్చి కూర్చుంటుంది. 6,432 లెక్క చెప్పండి, తప్పున్నచోట ఉందనే చెప్పండి.

వానలు పడే రోజుల్లో వేరుశనగ చెక్క, పత్తిచెక్క బస్తాలను నేలమీద కాక బల్లలమీద, గోడకు ఎడంగా ఉంచండి. ముక్క వాసన వచ్చిన గడ్డను గేదెకు వేయకండి.